గుండె వాకిటి తలుపు



నేను ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణమును, కావ్యములను బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను గాను. అట్టివాడు గుండెజబ్బును గుఱించి ప్రసంగించుట యేమని మీకు శంక కలుగవచ్చును. మందు చెప్పుట నా పని కాదు. కాని, పండితులు అన్యభాషలో ప్రకటించిన విషయమును చదివి, మనకు తెలిసిన మాటలలో వినిపించుట పంతులవాని పనియే గదా! ఆ మేరకు నాకు అధికారము కలదని తలంచుచున్నాను.

నేడు నేను చెప్పబోవు వ్యాధి ముఖ్యముగా వృద్ధులది. ఇంగ్లీషు వైద్యులు దీనిని అయోర్టిక్ స్టెనోసిస్ అందురు. తెలుగున బృహద్ధమనీ కవాట సంకోచము అనవచ్చును. పేరు నోరు తిరుగనిదే గాని, చెఱువు తూమును చూచిన వారికెల్ల విషయము సులభముగా బోధపడును.

గుండెలో నాలుగు గదులు కలవు. వానిలో ఎడమవైపు క్రింది గది మిక్కిలి బలమైనది. దేహమంతటికిని రక్తమును తోయునది అదియే. ఆ గదినుండి వెలువడు పెద్ద రక్తనాళమే బృహద్ధమని. గదికిని ధమనికిని నడుమ ఒక తలుపు ఉన్నది. దానికి మూడు రెప్పలు. గుండె ముడుచుకొన్నపుడు అవి తెఱచుకొని రక్తమును పోనిచ్చును. గుండె విప్పారినపుడు మూసికొని, పోయిన రక్తము వెనుకకు రాకుండ అడ్డును. ఈ తలుపు దినమునకు సుమారు లక్షసార్లు తెఱచి మూయబడుచుండును. డెబ్బదియేండ్ల మనుష్యుని విషయమున ఈ లెక్క ఎంతకు పోవునో మీరే గుణించుకొనుడు. మన యింటి వీధితలుపు పదియేండ్లకే కిఱ్ఱుమనును.

ఈ తలుపు నిండుగా తెఱచుకొన్నపుడు దాని ద్వారము మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లుండును. ఇంచుమించుగా ఒక రూపాయి బిళ్ళంత యనుకొనుడు. కొందఱికి వయసు మీఱుకొలది ఆ రెప్పలమీద సున్నము పేరుకొని, అవి పెంకువలె బిగిసిపోవును. నీళ్ళు కాచెడి కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టుట మీరెఱుగుదురు, చూపునకు అట్టిదే. అయితే ఈ సున్నము తాంబూలముతోనో పాలతోనో వచ్చి నేరుగా అతుకుకొన్నది కాదు. రెప్పలలోని పదార్థమే ఎముక పెరుగురీతిగా మాఱి గట్టిపడుచున్నదని పరిశోధకులు కనుగొనిరి. ద్వారము ఒక చదరపు సెంటీమీటరుకు, అనగా చిటికెనవ్రేలి కొనంతకు, తగ్గినచో వ్యాధి తీవ్రమైనదని లెక్క. నూటికి ఒకరిద్దఱు పుట్టుకతోనే మూడు రెప్పలకు మాఱు రెండు రెప్పలతో పుట్టుదురు; వారికి ఈ తలుపు పదియిరువది యేండ్లు ముందుగానే చెడవచ్చును. చిన్నతనమున గొంతునొప్పి తరువాత కీళ్ళవాపు జ్వరము వచ్చినవారికిని గుండె కవాటములు చెడుట మన దేశమున కలదు. అది వేఱొక ప్రసంగమునకు తగిన విషయము.

తూము పూడినపుడు చెఱువులో నీటిమట్టము పెరిగి కట్టమీద ఒత్తిడి పడునట్లు, ద్వారము ఇఱుకైనపుడు గుండెగదిలో ఒత్తిడి హెచ్చును. గుండె మొదట ఓర్చుకొనును. గోడలు మందము చేసికొని అధికబలముతో తోయును. ఇట్లు ఏండ్లతరబడి గడచిపోవును. రోగికి ఏమియు తెలియదు. ఈ వ్యాధి మోసమంతయు ఇచ్చటనే యున్నది. గుండె ఓర్పు నశించిన పిదప మూడు గుర్తులు పొడసూపును. నడచినపుడు ఆయాసము, శ్రమపడినపుడు ఱొమ్ము పట్టినట్లు నొప్పి, మెట్లెక్కునపుడో బరువెత్తునపుడో కండ్లు తిరిగి సొమ్మసిల్లుట. మూడును ఒక్కసారిగా రానక్కఱలేదు. ఒక్కటి చాలును.

పెద్దలారా, ఇప్పుడు మన అలవాటును గుఱించి ఒక మాట చెప్పవలసియున్నది. ఆయాసము వచ్చినపుడు మనము వైద్యుని యొద్దకు పోము, నడక తగ్గించుకొందుము. పొలమునకు పోవువాడు ఊరి చివఱి వఱకే పోవును. పిదప రచ్చబండ వఱకు. పిదప ఇంటి అఱుగు. అఱుగుమీద కూర్చున్నవానికి ఆయాసమేల వచ్చును? ‘నాకేమి, బాగుగనే యున్నాను’ అనును. అతడు అబద్ధమాడుట లేదు. తన గుండె చేయలేని పనులనెల్ల ఒక్కొక్కటిగా మానివేసి, మిగిలినదానితో సరిపెట్టుకొన్నాడు. అందుచేత వైద్యుడు ‘ఆయాసమున్నదా?’ అని అడిగినపుడు, ‘నిరుడు చేసిన పనులలో ఏవి ఈ యేడు మానితిని?’ అని మనము తలపోసి బదులు చెప్పవలయును.

మా మేనమామ డెబ్బదినాలుగేండ్లవాడు, గట్టి రైతు. ఆయన కాలువగట్టు ఎక్కుచు నడుమ నిలువబడుట చూచి, “మామయ్యా, ఏమిటా ఆయాసము?” అని అడిగితిని. “వయసు వచ్చిందిరా అబ్బాయీ, ముసలి ఎద్దు మాత్రం ఆగి ఆగి నడవదూ?” అని నవ్వెను. కార్తికమాసమున ఆ గట్టుమీదనే స్మృతి తప్పి పడెను. పట్టణమున వైద్యుడు ఱొమ్ముపై స్టెతస్కోపు ఉంచిన మాత్రముననే అనుమానించి, ఎకో పరీక్ష చేయించెను. ద్వారము ఒక చదరపు సెంటీమీటరులో ముప్పాతిక కూడ లేదు. తలుపు మార్పించుకొనవలెనని చెప్పిరి. ఆయన వలదనలేదు. కోతలు కానిండనెను, పిదప మనుమరాలి పెండ్లి కానిండనెను. పెండ్లి చక్కగా జరిగినది. వైశాఖమున ఒక రాత్రి నిద్రలోనే పోయెను. ఆయనను ఎవరు నిందింపగలరు? ఇంటిపెద్ద తన పనిని అన్నింటికంటె వెనుక పెట్టుకొనుట మనలో ఆచారము. కాని ఆ ఆరునెలల వెల ఎంతయో ఆయనకు తెలిసియుండలేదు.

ఆ వెలను లెక్కగట్టినవారు కలరు. 1968వ సంవత్సరమున రాస్, బ్రౌన్వాల్డ్ అను ఇద్దఱు అమెరికా వైద్యులు అంతవఱకు తెలిసిన రోగుల చరిత్రలను కూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. తలుపు మార్పింపనిచో, ఱొమ్మునొప్పి మొదలైన పిదప సగటున సుమారు 5 ఏండ్లు, సొమ్మసిల్లుట మొదలైన పిదప 3 ఏండ్లు, గుండె బలము తగ్గి ఆయాసము మొదలైన పిదప 2 ఏండ్లు మాత్రమే ఆయుర్దాయమని వారు చూపిరి. నేటి రోగులు అప్పటివారికంటె వృద్ధులగుటచేత లెక్కలు కొంత మాఱినను, ఆ వ్యాసపు సారము చెక్కు చెదరలేదు. గుర్తులు లేనంతకాలము ఈ వ్యాధి నత్తవలె నడచును. గుర్తు కనబడిన పిదప గుఱ్ఱమువలె పరుగెత్తును.

మందులతో ఈ సున్నమును కరిగింపరాదా యని మీరడుగవచ్చును. ఆ ఆశ వైద్యులకును కలిగినది. క్రొవ్వును తగ్గించు స్టాటిన్ మాత్రలు దీనికిని పనిచేయునేమో యని 2005, 2008, 2010 సంవత్సరములలో ప్రకటితములైన మూడు పరిశోధనలలో పరీక్షించిరి. 2008 నాటిదానిలో 1,873 మంది రోగులు పాల్గొనిరి. ఆ మాత్రలవలన కవాటము ఇఱుకగుట ఆగలేదు. నేటికిని ఈ తలుపును బాగుచేయునని రుజువైన మాత్ర గాని లేహ్యము గాని కషాయము గాని లేదు. ఆయుర్వేదమునందు నాకు గౌరవము మెండు. ఆ గ్రంథములను కొంత చదివినవాడను. అయినను, కవాటమును కరిగించు మూలిక తనయొద్ద నున్నదని ఎవడైన చెప్పినచో వానికి నమస్కరించి తప్పుకొనుడు. ఇట్టివాని మాట విని పోగొట్టుకొనునది రూకలు మాత్రమే కాదు, నెలలు.

నాడిని గుఱించియు ఒక మాట. ఈ వ్యాధి ముదిరినపుడు నాడి మెల్లగా లేచి బలహీనముగా కొట్టుకొనును. ఇది ఇంగ్లీషు వైద్యులును అంగీకరించిన లక్షణమే. కాని వృద్ధుల రక్తనాళములు బిఱుసెక్కి యుండుటచేత ఈ గుర్తు మఱుగుపడవచ్చును. కావున నాడి బాగున్నదను మాటతో తృప్తిపడరాదు. ఱొమ్ముపై స్టెతస్కోపు పెట్టినచో ఇఱుకు ద్వారమున రక్తము దూసికొనిపోవు గరగరధ్వని వినబడును. దానిని స్థిరపఱచునది ఎకో పరీక్ష. ఇందు సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు.

ఇక తలుపు మార్చుట. 1960వ సంవత్సరమున అమెరికాలో హార్కెన్ అను శస్త్రవైద్యుడు పంజరములో బంతి కదలునట్టి కృత్రిమ కవాటమును ఈ స్థానమున అమర్చి కృతకృత్యుడయ్యెను. అటుపిమ్మట లోహముతోను, పందికవాటముతోను, పశువుల గుండెపొరతోను అనేక విధములైన కవాటములు వచ్చినవి. మన దేశమున తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టరు వలియత్తాన్ గారు, వారి సహచరులు సొంతముగా ఒక కవాటమును నిర్మించిరి. మొదటి మూడు నమూనాలును విఫలములయ్యెను, నాలుగవది నిలిచెను. 1990 డిసెంబరులో దానిని తొలిసారిగా మనుష్యునికి అమర్చిరి. ఆ వలియత్తాన్ గారే పిమ్మట చరక సుశ్రుత వాగ్భటులను శ్రద్ధతో చదివి, వారిని గూర్చి ఇంగ్లీషున పెద్ద గ్రంథములు వ్రాసిరి. మావంటి పాతచదువుల వారికి ఇది ఎంత సంతోషదాయకమో చెప్పనలవి కాదు. వారు 2024లో స్వర్గస్థులైరి.

ఈ మార్పుకొఱకు ఱొమ్ముటెముకను కోసి, గుండెను కొంతసేపు ఆపి, రక్తమును యంత్రముచేత నడిపింపవలయును. దేహదార్ఢ్యము కలవారు దీనిని తట్టుకొందురు. ఎనుబదియేండ్లు దాటినవారిని, ఊపిరితిత్తులో మూత్రపిండములో చెడినవారిని చూచి శస్త్రవైద్యులు వెనుదీయుచుండిరి. వారికి గతి యేమి? ఈ ప్రశ్నకు 2002 ఏప్రిలులో ఫ్రాన్సుదేశమున రూఆన్ పట్టణమందు అలాఁ క్రిబియే అను వైద్యుడు బదులు చూపెను. గొడుగువలె మడిచిన కవాటమును సన్నని గొట్టపు కొనకు తగిలించి, తొడ మొదట నున్న రక్తనాళము గుండ గుండె వఱకు నడిపి, చెడిన తలుపులోపలనే విప్పి నిలుపుట ఆయన పద్ధతి. ఱొమ్ము కోయనక్కఱలేదు; గుండెను ఆపనక్కఱలేదు. ఇప్పుడు తొడలోని ధమని దారి సాధారణమైనను, ఆ మొదటి రోగికి ఆ దారి కుదురక వేఱొక మార్గమున పోవలసి వచ్చెను. మొదట చాలమంది వైద్యులు దీనిని దుస్సాహసమనిరి.

అది దుస్సాహసమో కాదో తేల్చిన పరిశోధన 2010లో వెలువడెను. ఆపరేషనుకు తగరని శస్త్రవైద్యులు త్రోసిపుచ్చిన 358 మందిని రెండు పాళ్ళు చేసిరి. ఒక పాలికి గొట్టపుదారిని క్రొత్త తలుపు. రెండవ పాలికి మందులు మున్నగు మామూలు చికిత్స. వారి సగటు వయస్సు 83. ఒక్క యేడాది గడచునప్పటికి మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 50.7 మంది పోయిరి. క్రొత్త తలుపు పొందినవారిలో నూటికి 30.7 మంది. ఈ లెక్కను రెండు ముఖములుగ చదువవలయును. అయిదుగురికి చేసినచో ఆ యేడాదిలో ఒక ప్రాణము దక్కినది. వైద్యశాస్త్రమున ఇది సామాన్యమైన లాభము కాదు. అయినను తలుపు మార్చినను నూటికి ముప్పదిమంది పోయిరనుటయు నిజమే. ఐదేండ్లకు మందులవారిలో నూటికి 93.6 మంది, తలుపువారిలో 71.8 మంది గతించిరి. దేహమంతయు శిథిలమైన పిదప ఒక్క తలుపు మార్చినంతమాత్రమున ఇల్లు నిలువదు. మంచము పట్టి, మతి తప్పి, ఇతర వ్యాధులచేత కృశించినవారికి దీనిని బలవంతముగా చేయించుట మేలని నేననను. వైద్యులును అనరు.

బలముగా ఉన్నవారి సంగతి వేఱు. ఆపరేషనువలన అపాయము తక్కువగల 1,000 మందిని, సగటున 73 ఏండ్లవారిని, సగము ఱొమ్ముకోతకును సగము గొట్టపుదారికిని కేటాయించి చేసిన పరిశోధన 2019లో వచ్చెను. మొదటి యేడాది గొట్టపుదారివారు మెఱుగుగా నుండిరి. ఐదేండ్లకు ఇరువురును దాదాపు సమానులైరి. మరణము, పక్షవాతము, మఱల ఆసుపత్రి చేరుట, ఈ మూటిలో ఏదో యొకటి సంభవించినవారు గొట్టపుదారిలో నూటికి 22.8, కోతలో 27.2, ఈ భేదము గట్టిగా నమ్మదగినంతది కాదని తేల్చిరి. ఇంకను పూర్వము డెన్మార్కు, స్వీడను దేశములలో సగటున 79 ఏండ్ల 280 మందితో ఆరంభమైన పరిశోధనకు పదియేండ్ల ఫలితములు 2024లో ప్రకటితములైనవి. పదియేండ్లలో గతించినవారు ఒక విధమున నూటికి 62.7, ఇంకొక విధమున 64. అనగా డెబ్బదితొమ్మిదేండ్ల వయస్సున తలుపు మార్పించుకొన్నవారిలో మూడవవంతుకు పైగా ఎనుబదితొమ్మిదేండ్లకు జీవించియే యుండిరి. తలుపు లేకున్నచో రెండుమూడేండ్లే యని చెప్పబడిన వ్యాధి ఇది! ‘ఈ వయసున మాకెందుకు?’ అనువారు ఈ ఒక్క లెక్కను జ్ఞాపకముంచుకొనిన చాలును.

గుర్తులు ఏమియు లేకుండ ద్వారము మాత్రము ఇఱుకైనవారి సంగతి ఇటీవల చర్చలోనికి వచ్చినది. మునుపు అట్టివారిని కనిపెట్టియుండుటయే పద్ధతి. 2024లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో 65 ఏండ్లు నిండిన అట్టివారు 901 మందిలో సగమునకు వెంటనే గొట్టపుదారిని తలుపు మార్చిరి. సగమును కనిపెట్టి చూచిరి. సుమారు నాలుగేండ్లలో మరణము, పక్షవాతము, అనుకోకుండ గుండెజబ్బుతో ఆసుపత్రి చేరుట, వీనిలో ఏదో యొకటి మొదటివారిలో నూటికి 26.8 మందికి, రెండవవారిలో 45.3 మందికి కలిగెను. మరణములు మాత్రము ఇంచుమించు సమానమే: 8.4, 9.2. భేదమంతయు ముఖ్యముగా ఆసుపత్రి పాలగుటలోనే. కనిపెట్టియున్న వారిలోను నూటికి 87 మందికి ఆ కాలములోనే తలుపు మార్పవలసివచ్చెను. అదే యేడు బ్రిటను పండితులు 224 మందితో జరిపిన చిన్న పరిశోధనలో స్పష్టమైన భేదము కనబడలేదు. నాకు తోచునదేమన, నగరమున ఆసుపత్రి ప్రక్కన నుండి ఆరునెలలకొకసారి తప్పక పరీక్షింపబడువాడు వేచియుండవచ్చును. జిల్లా కేంద్రమునకు రెండు బస్సులు మాఱవలసిన మన పల్లెవాడు వేచియుండుట వేఱు. ఈ సంగతిని వైద్యునితో దాచక చెప్పవలయును.

ఏ తలుపు, ఏ దారి? అమెరికా వైద్యసంఘములు 2020లో 65 ఏండ్లలోపు వారికి ఱొమ్ముకోతయు, 80 దాటినవారికి గొట్టపుదారియు మేలనియు, నడుమవారు వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెననియు చెప్పిరి. లోహకవాటము చాలకాలము మన్నును గాని, దానిమీద రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము వార్ఫరిను మాత్రలు మ్రింగి, తఱచు రక్తపరీక్ష చేయించుకొనవలయును. తోటకూఱ, పాలకూఱ, మునగాకు వంటివి ఒకవారము మెండుగా తిని ఒకవారము మానినచో ఆ మందు బలము హెచ్చుతగ్గులగును. తినుట తప్పు కాదు, ఒక తీరుగా తినవలయును. వైద్యునికి చెప్పక ఇతరుల మందులు కలుపరాదు. జంతుపదార్థపు కవాటమునకు ఈ బాధ తక్కువ. కాని పది పదునైదేండ్లకు అదియు చెడవచ్చును. గొట్టపుదారిలో గుండెవేగమును నిలుపు పేసుమేకరు అను యంత్రము అమర్చవలసివచ్చుట కొంత ఎక్కువ. గొట్టపు కవాటములను ఇప్పుడు మన దేశమున గుజరాతులోని వాపిలోను చేయుచున్నారు. అవి పరదేశపు వానికి తీసిపోవని 2024లో అనేకదేశములలో జరిగిన పోలిక తేల్చినది.

ఒక సంకటమును బహిరంగముగా చెప్పెదను. జంతుపదార్థపు కవాటములు గోవు గుండెపొరతోనో, పంది కణజాలముతోనో చేయబడును. ఈ మాట విని మన పెద్దలలో కొందఱు వెనుకాడుదురు; ముసల్మాను సోదరులకు పందివిషయమున అట్టి సంకోచమే కలదు. ఆపద్ధర్మమని శాస్త్రకారులు ఊరకే చెప్పలేదని నా యభిప్రాయము. అయినను మనస్సు ఒప్పనివారు ఆపరేషను బల్లమీద కాదు, ముందుగానే అడిగి తెలిసికొనుట మంచిది. లోహకవాటమున జంతుపదార్థము లేదు. గొట్టపుదారిని వాడుకలోనున్న కవాటములు జంతుపదార్థపువే.

వ్యయమును గుఱించిన భయము సహజము. గొట్టపుదారి ఖరీదు నేటికిని సామాన్యునికి అందుబాటున లేదు. ఱొమ్ముకోత పద్ధతిని కవాటము మార్చుట మాత్రము 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున చేర్చబడిన చికిత్సలలోనిది. రెండు రాష్ట్రములలోను ఇప్పుడు పథకముల పేర్లును నియమములును వేఱువేఱు. కావున రేషను కార్డు, ఆధారు కార్డు పట్టుకొని, పెద్దాసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుండు బల్లయొద్ద మొదటనే విచారించుడు.

తలుపు మార్పించుకొని ఇల్లు చేరినవారికి ఒక్క జాగ్రత్త చెప్పి ముగించెదను. క్రొత్త కవాటముమీద సూక్ష్మక్రిములు చేరినచో ప్రాణాపాయము. అవి చేరు దారులలో పండ్లచిగుళ్ళు ముఖ్యమైనవి. పంటినొప్పియని పన్ను పీకించుకొనబోవునపుడు, “నా గుండెలో కవాటము మార్చిరి” అని ఆ పంటివైద్యునికి ముందుగా చెప్పవలయును. ఆయన పనికి ముందు ఒక మోతాదు మందు ఇచ్చును. ఆసుపత్రివారు ఇచ్చిన కవాటపు చీటిని భోషాణమున దాచక, జేబులో ఉంచుకొనుడు.